ఇరవై ఒకటో తేదీ

నా గదిలో బోను లేదు,
సుత్తి లేదు, నల్లకోటు లేదు.
మూడు కుర్చీలు, ఒక ఫ్లాస్కు,
గోడకి కొత్త క్యాలెండరు.
కిటికీ అవతల
పట్టపగలు పన్నెండింటికి
వీధి దీపాలు వెలుగుతున్న త్రొమ్సో.
నవంబరు చివర్లో వెళ్ళిన సూర్యుడు
ఇంకా తిరిగి రాలేదు.

సిగ్రున్ కోటు విప్పలేదు.
తోర్గేర్ స్వెట్టర్లో డీజిలూ చేపలూ కలిసిన వాసన.
అతనికి సముద్రం మీద మూడు వారాలు, ఒడ్డున మూడు వారాలు.
ఆమెకి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు.
ఏడేళ్ళ ఆల్వా ఇక్కడ లేదు,
ఇద్దరి నోళ్ళలోనూ ఉంది.

"ఆదివారం ఆరింటికన్నావు."
"పడవ ఆలస్యమైతే నేనేం చెయ్యను?"
"ఒక మెసేజ్ పెట్టొచ్చుగా."
"పెట్టాను. చూశావు కూడా."

నేను పెన్సిలే వాడతాను.
పెన్నుతో రాసిన తేదీకి పౌరుషమెక్కువ.
ఈస్టరు సెలవులు ఒక ఏడు ఆమెకి, ఒక ఏడు అతనికి.
సరే అన్నారు.
మే నెల జెండాల ఊరేగింపు పొద్దున ఆమె, సాయంత్రం అతను.
సరే.
ఈత క్లాసు, పళ్ళ డాక్టరు, జూలైలో నానమ్మ ఉండే దీవి.
సరే, సరే.
అరగంటలో సగం ఏడాది పంచేశాం,
అన్నదమ్ములు గట్లు పెట్టుకున్నట్టు.

అప్పుడు ముందుకొచ్చింది
జనవరి ఇరవై ఒకటి.
రెండు నెలల చీకటి తర్వాత
కొండ భుజం మీద సూర్యుడు
అంచు మాత్రం చూపించే రోజు.
బడి పిల్లల్ని గుట్ట మీదికి తీసుకెళ్తారు.
ఊరంతా జాము పెట్టిన గుండ్రటి బన్నులు తింటుంది.
మహా అయితే కొన్ని నిమిషాలు.
మబ్బు పడితే అవీ లేవు.
ఆ కొన్ని నిమిషాల దగ్గర
ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు.

"ఆ రోజు నాది."
"నాది."
"అయితే కోర్టులోనే తేల్చుకుందాం."

ఓడినవాడు కోర్టులో ఏడుస్తాడు,
గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడుస్తాడు.
నాలిక చివరిదాకా వచ్చింది, మింగేశాను.
మండుతున్నవాళ్ళకి సామెత చెప్పడం
కారం చల్లడమే.
కాఫీ పోద్దామంటే ఫ్లాస్కు మూత బిగుసుకుపోయింది.
తోర్గేర్ లాక్కుని తిప్పి ఇచ్చాడు.
అడిగాను: "పోయినేడు ఆ రోజు ఏం జరిగింది?"

హీటరు చప్పుడు తప్ప ఏమీ లేదు.
తర్వాత సిగ్రున్, గోడతో చెబుతున్నట్టు:
"తను తీసుకెళ్తాడనుకున్నాను."
తోర్గేర్, తన చేతులతో:
"తను వస్తుందనుకున్నాను."

గుట్ట దిగి పిల్లలందరూ వెళ్ళిపోయాక
బడి గేటు దగ్గర ఆల్వా ఒక్కతే.
రెండు బన్నులు దాచిందట,
ఎవరొస్తే వాళ్ళకి ఒకటి.
చివరికి వచ్చింది బడి వాచ్‌మన్.

"ఒక బన్ను నా ఇంట్లో దొరికింది," అన్నాడు,
"ఫిబ్రవరిలో. దాని సంచి అడుగున, రాయిలా."
సిగ్రున్ మొదటిసారి అతని వైపు చూసింది.
"రెండోది నా ఇంట్లో."

ఇద్దరూ అడుగుతున్నది రోజుని కాదు.
ఇది నేను పైకి అనలేదు.
ఆ గడిలో రాసిన పేరు చెరిపాను.
ఇంకో పేరు రాశాను, చెరిపాను.
కాగితం పలచబడిపోయింది.

చివరికి ఇలా రాయించారు:
గేటు దగ్గర, పదకొండున్నరకి, ఇద్దరూ.
"మాట్లాడుకోవాలని రాయకండి," అంది సిగ్రున్.
రాయలేదు.
పడవ రాకపోతే ఫోనులో చూపించాలి.
బన్నులు ఎవరు కొనాలన్న దగ్గర
మళ్ళీ మాట పెరిగింది,
అది తేలకుండానే టైమైపోయింది.
ఆగస్టు కోసం ఇంకోసారి వస్తామన్నారు.

కప్పులు కడుగుతూ కిందికి చూశాను.
పార్కింగులో రెండు కార్లు.
తోర్గేర్ ఒకదాని అద్దం మీద మంచు గీకుతున్నాడు,
వంగి, శ్రద్ధగా, మూలలతో సహా.
అలవాటో, పొరపాటో.
అది అతని కారు కాదు.